తురాయి నమిలి మింగిన ఆకు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఒక బడి. ఆ బడిలో, ఎవరేం చెప్పినా ఒక కన్ను చిన్నది చేసి చూసే ముంగిస పిల్ల ఒకటి ఉండేది. పేరు తురాయి.

పిల్లలూ, ఆ చూపు చూసి దానికి పొగరనుకోకండి. తురాయి ఇంకా పాలు తాగే రోజుల్లో వాళ్ళమ్మని పాము కరిచింది. పిన్ని పొగడ పరుగున వెళ్ళి చేదువేరు తవ్వి తెచ్చి నూరి పట్టింది. అయినా అమ్మ దక్కలేదు. "వేరు పనిచెయ్యలేదు, ఏం చేస్తాం" అన్నారు అందరూ. అదే వేరు పక్క పుట్టలో ఉన్న ముసలి ముంగిసని బతికించింది. మరి అమ్మ దగ్గరికొచ్చేసరికి దానికేమైంది? ఈ ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు. అప్పట్నుంచి తురాయికి ఎవరి మాటా ఒక పట్టాన నమ్మబుద్ధి కాదు. పెద్దయ్యాక కొండ మీది పెద్దబడికి వెళ్ళి వైద్యం నేర్చుకోవాలని మాత్రం గట్టిగా అనుకుంది.

కొండబడికి వెళ్ళాలంటే ముందు అడవిబడి పూర్తిచెయ్యాలి. అక్కడ నాలుగు చదువులు. వాసనలు, జాడలు, మూలికలు, పాళ్ళు. మొదటి మూడింట్లో తురాయిని మించినవాళ్ళు లేరు. పాళ్ళ దగ్గరికొచ్చేసరికి చతికిలబడేది.

పాళ్ళంటే ఏమిటంటారా? అడవిదున్నకి ఏడు వెదురు గొట్టాల కషాయం సరిపోతే దుప్పికి ఎంత? ఎండిన వేరు ఒక ముక్క వెయ్యాల్సిన చోట పచ్చి వేరు ఎన్ని ముక్కలు? వినడానికి తేలికే. చింతగింజలు ముందేసుకుని కూర్చుంటే అప్పుడు తెలుస్తుంది.

ఒకరోజు పాళ్ళు చెప్పే ముళ్ళపంది, సూదయ్య మాస్టారు, అందరి ముందూ అడిగారు. "తురాయీ, ఏనుగుకి ఒక కుండ కషాయం పట్టాలి. ఉడుతకి ఎంత పట్టాలి?"

తురాయి గింజలు అటు జరిపింది. ఇటు జరిపింది. చెమటలు పట్టాయి. "రెండు కుండలు" అంది.

వెనక చాప మీద కూర్చున్న ఉడుత పిల్ల రేగి లేచి నిలబడింది. "నన్ను మందులో ముంచి చంపుతావా ఏంటే?"

బడంతా పడి పడి నవ్వింది. ఆ రోజు నుంచి దాని పేరు తురాయి కాదు, కుండల తురాయి.

ఆ బడిలో ఒక ఆచారం ఉంది. కొండబడికి వెళ్ళబోయే పిల్లలు ఏదో ఒక్క చదువు వదులుకోవచ్చు. టేకాకు మీద పంటిగాటు పెట్టి, బడి వాకిట్లో ఉన్న పలకరాయి కింద ఉంచాలి. ఎవరి పంటిగాటు వాళ్ళదే, ఇట్టే పోల్చుకోవచ్చు. అందుకు మూడు రోజుల గడువు. మూడో రోజు పొద్దు గుంకేదాకా మనసు మారితే ఎవరి ఆకు వాళ్ళు తీసేసుకోవచ్చు. పొద్దు గుంకాక బడి గుమాస్తా వచ్చి ఆకులన్నీ ఈనెపుల్లకి గుచ్చేస్తాడు. ఇక ఆ చదువు చాప మీద మళ్ళీ కూర్చోనివ్వరు. ఎప్పటికీ.

గుమాస్తా ఒక నక్క. పేరు మెత్తనయ్య. మాట పేరుకన్నా మెత్తన.

గడువు మొదలైన రోజు మెత్తనయ్య తురాయి పక్కన వచ్చి కూర్చున్నాడు.

"ఏం తల్లీ, కళ్ళు ఎర్రబడ్డాయి?"

"దుమ్ము పడింది" అంది తురాయి.

"పడుతుంది, పడుతుంది. ఏటా ఈ రోజుల్లో దుమ్మంతా ఆ పాళ్ళ చాప దగ్గరే రేగుతుంది." తోకతో నేల తుడిచి ఇంకాస్త దగ్గరికి జరిగాడు. "వైద్యం చెయ్యాలన్నదేగా నీ కోరిక? జబ్బు వాసన పట్టాలి, నీకు వచ్చు. మూలిక పోల్చుకోవాలి, అదీ వచ్చు. గింజలు లెక్కపెట్టుకుంటూ కూర్చోడం దేనికి చెప్పు? పాళ్ళు వదిలేసినవాళ్ళు కొండబడిలో లేరా? కుందేలు మొలక లేదూ? అడవికోడి లేదూ? నా చేత్తో పంపాను. అంతదాకా ఎందుకు, మా మేనల్లుడు తోకరాజు చేత కూడా ఆకు పెట్టిస్తున్నా."

"మాస్టారు మాత్రం వదలొద్దంటున్నారండీ."

"అనరూ మరి? వారానికి ఒక్కో పిల్ల ఒక్కో దుంపగడ్డ తెచ్చిస్తుంది ఆయనకి. నువ్వు మానేస్తే ఒక గడ్డ తగ్గుతుంది. నేను ఆయన్ని ఏమీ అనడం లేదు. ఆలోచించుకో అంటున్నా, అంతే."

చూశారా, మెత్తనయ్య తెలివి? తురాయికి అనుమానమంటే ఇష్టమని తెలుసు. అందుకని దాని ముందు ఇంకో అనుమానం వడ్డించి వెళ్ళిపోయాడు. తురాయి దాన్ని రోజంతా నమిలింది. గడ్డ కోసమా మాస్టారు నా మీద అంత ప్రేమ చూపించేది?

సాయంత్రం రేగి ఉసిరి కొమ్మ మీంచి తలకిందులుగా వేలాడుతూ పిలిచింది. "నేను ఆకు పెట్టేశా. నువ్వూ పెట్టెయ్యవే. మధ్యాహ్నాలు ఇద్దరం హాయిగా కొమ్మల మీద తిరగొచ్చు."

తురాయి కన్ను చిన్నదైంది. "నాకు మంచిదని చెబుతున్నావా, నీకు తోడు కావాలని చెబుతున్నావా?"

"తోడు కావాలని. ఎందుకు దాచాలి? నేనేమైనా వైద్యురాలినవుతానా? కబుర్లు మోసే పని చేస్తా. ఆ పని చేసే మా మావయ్య వెనకాల నెల రోజులు తిరిగి చూశా. ఒక్కరోజు కూడా చింతగింజ ముట్టుకోలేదు ఆయన. నీ సంగతి నాకు తెలీదు."

రెండో రోజు పిన్ని దగ్గర కూర్చుంది తురాయి. పొగడ దాని వీపు మీద బొచ్చు దువ్వుతోంది.

"వదిలెయ్యమ్మా ఆ పాళ్ళు" అంది పొగడ. "నువ్వు గింజల ముందు కూర్చుని ఏడుస్తుంటే చూడలేకపోతున్నా. కొండబడికి వెళ్ళకపోయినా మునిగిపోయేదేం లేదు. ఇక్కడే ఉండు, నా కళ్ళ ముందు."

"నువ్వు కూడా అదే అంటున్నావేంటి పిన్నీ? నన్ను వైద్యురాలు అవ్వమన్నది నువ్వే కదా?"

దువ్వే చెయ్యి ఆగింది. "అప్పుడు అన్నాలే" అని పొగడ అటు తిరిగి కూర్చుంది.

పిన్ని తన కళ్ళలోకి చూడకుండా మాట్లాడటం తురాయికి కనబడింది. ఇంకెవరైనా అయితే అక్కడే నిలదీసేది. పిన్నిని అనుమానించడం మాత్రం దానికి చేతకాదు. పైగా ఆ రోజు పొద్దున్న కూడా లెక్క తప్పింది. ఎవరో వెనకనుంచి "కుండలో, కుండలో" అని రాగం తీశారు. తురాయి లేచి వెళ్ళి ఒక టేకాకు తెంపింది. కసిగా కొరికింది. పలకరాయి కింద తోసేసింది.

మూడో రోజు తెల్లవారుతూనే, వెదురు గొట్టం, చింతగింజల మూట మాస్టారికి తిరిగి ఇచ్చేద్దామని బయల్దేరింది. నాలుగు రోజుల కిందటి వానకి సూదయ్య మాస్టారి బొరియ ముందు నేల ఇంకా మెత్తగానే ఉంది. తురాయి అక్కడే ఆగిపోయింది.

జాడలు. నక్కవి. చిన్నవి. కుడి ముందరి కాలికి ఒక గోరు లేదు. బడి మొత్తం మీద గోరు లేని నక్కపిల్ల ఒక్కడే, తోకరాజు. అంచులు ఆరిన పాత జాడ మీద నిన్నటి జాడ, దాని మీద ఇవాళ్టి జాడ. వచ్చినవి, వెళ్ళినవి. ఒక రోజు పని కాదు.

సూదయ్య మాస్టారు అప్పుడే బయటికొచ్చారు.

"తోకరాజు మీ దగ్గరికి ఎందుకొస్తున్నాడు మాస్టారూ?"

"పాళ్ళు నేర్చుకోడానికి. రెండు నెలలుగా రోజూ తెల్లారకముందే వస్తున్నాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు వాళ్ళ మావయ్య. నేను చెప్పలేదు. నువ్వు చూశావు."

"మీరు నన్ను వదలొద్దనేది గడ్డల కోసమేనా?"

మాస్టారి ముళ్ళు ఒక్కసారి నిక్కబొడుచుకున్నాయి. కాసేపటికి మళ్ళీ పడుకున్నాయి. "గడ్డలంటే ఇష్టమే. నువ్వు తెచ్చేవి ఇంకా బాగుంటాయి. కాదని ఎందుకు అబద్ధమాడాలి?"

"మరి మిమ్మల్ని ఎలా నమ్మాలి?"

"నమ్మకు" అన్నారు మాస్టారు. "నన్ను నమ్మొద్దు, మెత్తనయ్యని నమ్మొద్దు. ఎవరికి ఏం లాభమో తేల్చినంత మాత్రాన పాళ్ళు నీకు కావాలో వద్దో తేలదు. కొండ ఎంత దూరం? మధ్యాహ్నానికి ఎక్కేస్తావు. అక్కడ పని చూడు. చూసొచ్చి అప్పుడు ఎవర్ని అనుమానిస్తావో అనుమానించు."

ఇది కూడా ఒక ఎత్తేమో అనుకుంది తురాయి. ఎత్తే అయితే కొండ మీద తెలిసిపోతుందిలే అని కూడా అనుకుంది. గొట్టం, గింజలు ఇవ్వలేదు. వాటితోనే కొండ ఎక్కింది.

కొండబడిలో వైద్యం చెప్పేది ఒక ముసలి ఎలుగుబంటి, ఇప్పమ్మ. గుహ ముందు ఒక పక్క వరసగా కల్వాలు, మందు నూరేవాళ్ళు. ఇంకో పక్క ఒకే ఒక చాప, దాని మీద వెదురు గొట్టాలు. తురాయి ముందు నూరేవాళ్ళ దగ్గరికి వెళ్ళింది. ఒక కుందేలు తలెత్తకుండా నూరుతోంది.

"నువ్వేనా మొలక అక్కవి? పాళ్ళు వదిలేసి కూడా కొండబడికి వచ్చావని మెత్తనయ్యగారు చెప్పారు."

"చెబుతాడు. అబద్ధం కాదుగా."

"మరి వైద్యం చేస్తున్నావా?"

"నూరుతున్నా. నాలుగేళ్ళయింది. వేరు చూపించు, పేరు చెబుతా. జబ్బు వాసన చూపించు, ఏ జబ్బో చెబుతా. ఎంత మందు పట్టాలో మాత్రం ఆ చాప మీదవాళ్ళు చెబుతారు. మమ్మల్ని చాప ఎక్కనివ్వరు."

"ఎందుకని ఎవరూ అడగలేదా?"

కల్వంలో రాయి ఆగింది. "మొదటి ఏడాది ఒకసారి ఎక్కేశా. ఇప్పమ్మవ్వ లేని సమయం చూసి. ఒక కౌజుపిట్ట పిల్లకి జ్వరం. ఎంతలే అని..." మళ్ళీ నూరడం మొదలుపెట్టింది.

అంతలో ఇద్దరు రోగులొచ్చారు. ఒకరు అడవిదున్న. ఇంకొకరు తల్లి నోట్లో వేలాడుతున్న ఎలుక పిల్ల. ఇద్దరికీ ఒకటే జ్వరం. ఇప్పమ్మ ఒకటే కషాయం తీసింది. దున్నకి ఏడు గొట్టాలు పోసింది. ఎలుక పిల్లకి గడ్డిపరక కొసని ముంచి, విదిలించి, మిగిలిన చుక్క నాలిక మీద అంటించింది.

"ఇంకో చుక్క పడితే?" అని అడిగింది తురాయి.

"జ్వరంతో పాటు పిల్ల కూడా పోతుంది."

"తక్కువైతే?"

"తక్కువైతే మందు వేసినట్టే ఉంటుంది, వెయ్యనట్టే అవుతుంది" అంది ఇప్పమ్మ గొట్టాలు కడుగుతూ. "మంచి మందే. వేసినవాళ్ళూ మంచివాళ్ళే. పోయాక అందరూ మందు పనిచెయ్యలేదంటారు."

తురాయి ఒంటి మీద బొచ్చంతా లేచి నిలబడింది. అన్నేళ్ళుగా ఎవరూ చెప్పని జవాబు అది.

గొట్టాలున్న చాప వైపు చూసి అడిగింది. "ఈ ఏడాది చాప మీద ఎంతమందికి చోటుంది అవ్వా?"

"ఒక్కరికే."

ఒక్కరికి. రోజూ తెల్లారకముందే మాస్టారి బొరియ ముందు పడుతున్న జాడలు తురాయికి అప్పుడు పూర్తిగా అర్థమయ్యాయి. మెత్తనయ్య ఒక్క పేరు కూడా తప్పు చెప్పలేదు. పాళ్ళు వదిలేసినవాళ్ళు కొండబడిలో ఉన్నారు. ఎక్కడ కూర్చున్నారో మాత్రం చెప్పలేదు.

పొద్దు వాలుతోంది. తురాయి కొండ దిగడం కాదు, దొర్లింది అనాలి. దారంతా మెత్తనయ్యని తిట్టుకుంటూ పరిగెత్తింది. సగం దారిలో ఒక ఆలోచన కాలికి ముల్లులా తగిలింది. ఇన్నాళ్ళూ అందరినీ అనుమానించా కదా, ఒకర్ని వదిలేశానేం? నన్నే. మెత్తనయ్య మాట నాకెందుకు అంత తొందరగా నచ్చింది? ఆయన మాటకారి కాబట్టా? కాదు. ఆ నవ్వు మళ్ళీ వినక్కర్లేదని. వదిలెయ్యమని ఎవరో ఒకరు చెబితే బావుణ్ణని ముందే చెవులు రిక్కించి కూర్చున్నా కాబట్టి.

బడి వాకిట్లోకి వచ్చేసరికి మెత్తనయ్య పలకరాయి లేపేసి ఆకులు చేతిలో పట్టుకున్నాడు. ఈనెపుల్ల సిద్ధంగా ఉంది. చుట్టూ పిల్లలు.

"నా ఆకు ఇచ్చెయ్యండి" అంది తురాయి రొప్పుతూ.

"అయ్యో తల్లీ, పొద్దు గుంకిపోయిందే."

"వాకిట్లో నీడ పడింది. అంతే. ఆ మద్దిచెట్టు మీద చూడండి."

పిల్లలందరూ తలలెత్తారు. మద్దిచెట్టు చిటారు కొమ్మన ఇంకా ఎర్రటి ఎండ ఉంది.

"ఎందుకమ్మా మళ్ళీ ఆ ఏడుపు? నీ మంచికే చెబుతున్నా."

"సరే. అయితే నా ఆకు తర్వాత చూద్దాం. తోకరాజు ఆకు ఏదండీ? పెట్టిస్తున్నానన్నారుగా. ఒకసారి చూపించండి."

మెత్తనయ్య ఆకులు అటూ ఇటూ తిప్పాడు. "ఉంటుంది ఇందులోనే..."

"ఉండదు. తోకరాజూ, మాస్టారి గుమ్మం ముందు రోజూ తెల్లారకముందే బురదలో పడుతున్న గోరు లేని కాలు ఎవరిదో నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

తోకరాజు కుడి కాలు పొట్ట కిందకి లాక్కున్నాడు. "నేను వద్దన్నా, మావయ్యే వెళ్ళమన్నాడు" అని గొణిగాడు.

"పిల్లాడు పాళ్ళలో కాస్త వెనకబడ్డాడు కదా అని..." మెత్తనయ్య గొంతులో మెత్తదనం మొదటిసారి చిరిగింది.

"వెనకబడిన మీ పిల్లాడికేమో ఇంకో పాఠం. వెనకబడిన నాకేమో ఆకు. ఇదెక్కడి న్యాయం గుమాస్తాగారూ?"

ఎవరూ నవ్వలేదు. మెత్తనయ్య చెయ్యి సడలింది. తురాయి తన పంటిగాటు పోల్చుకుని ఆకు లాక్కుంది. మళ్ళీ ఎవరి చేతికీ చిక్కకూడదని నోట్లో కుక్కుకుని, నమిలి, మింగేసింది. ముంగిసలు ఆకులు తినవు. కళ్ళలో నీళ్ళు తిరిగేంత వగరు. అయినా మింగింది.

ఇంకో ఇద్దరు వచ్చి తమ ఆకులు తీసేసుకున్నారు. తురాయి రేగి వైపు చూసింది.

"నాది ఉండనీ" అంది రేగి. "నేను చూసే వదిలేశా."

తురాయి తలూపింది. రేగి మాటలో అనుమానించడానికి ఏమీ కనబడలేదు.

ఇంటికి వెళ్ళేసరికి పొగడ గుమ్మంలోనే ఉంది.

"తక్కువైతే పనిచెయ్యదట పిన్నీ" అంది తురాయి.

పొగడ అక్కడే కూలబడింది. తర్వాత నేలకేసి చూస్తూ చెప్పింది. "ఎండువేరు ఎంత వెయ్యాలో మా అమ్మ చెప్పింది. ఆ రోజు దొరికింది పచ్చివేరు. పచ్చిదైతే ఎక్కువ వెయ్యాలని నాకు తెలీదు. ఎండుదాని కొలతే వేశా. తర్వాతెప్పుడో తెలిసింది. ఎవరికీ చెప్పలేదు. నువ్వు పాళ్ళు నేర్చుకుంటే ఒకరోజు ఆ లెక్క నీ అంతట నువ్వే వేస్తావని..."

తురాయి పిన్ని పక్కన కూర్చుంది. కోపం వచ్చింది, పోయింది, మళ్ళీ వచ్చింది. చివరికి మూట విప్పి చింతగింజలు నేల మీద పోసింది.

"ఇటు జరుగు పిన్నీ. ఎండువేరు ఒక పాలు. పచ్చివేరు ఎన్ని పాళ్ళు? ఇద్దరం నేర్చుకుందాం."

ఆ తర్వాత తురాయి పాళ్ళలో మొదటిదైపోయిందని చెబుతాననుకుంటున్నారా? కాలేదు. ఇంకా చాలాసార్లు తప్పింది, ఇంకా చాలాసార్లు నవ్వారు. ఆ ఏడాది చాప మీది చోటు తోకరాజుకే దక్కింది. తురాయి ఏడాది పాటు మొలక పక్కన కూర్చుని మందు నూరింది. రోజూ గింజలు ముందేసుకుంది. మరుసటి ఏడు ఇప్పమ్మ పిలిచి చాప ఎక్కించింది.

కొన్నాళ్ళకి కొండ మీదకి ఒక ఉడుత పరిగెత్తుకుంటూ వచ్చింది. నోట్లో పసికూన. ఒళ్ళు కాలిపోతోంది. ఆ ఉడుత రేగి.

తురాయి కషాయం తీసింది. గింజలు పరిచి లెక్క వేసింది. చెరిపేసి మళ్ళీ వేసింది.

"ఎంత పడుతున్నావే?" అంది రేగి. "రెండు కుండలు కాదు కదా?" నవ్వించాలనే అంది. అంటూనే కూనని ఇంకా దగ్గరికి లాక్కుంది.

"ఉండు, మూడోసారి చూస్తున్నా."

"నీ మీద నీకే అనుమానమా?"

"నా మీదే ఎక్కువ" అంది తురాయి. ఒక కన్ను చిన్నది చేసి గింజల్ని చూసింది. మూడోసారి కూడా అంతే వచ్చింది. గడ్డిపరక కొసని ముంచి, విదిలించి, మిగిలిన ఒక్క చుక్క కూన నాలిక మీద అంటించింది.

కూన మొహం చిట్లించుకుంది. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి ఒళ్ళు చల్లబడింది. కళ్ళు తెరిచి, "అమ్మా, చేదు" అంది.

నీతి: కష్టమైన చదువు వదిలెయ్యమని ఎవరైనా చెబితే, అందులో వాళ్ళకేం లాభమో అనుమానించు. ఆ మాట నీకెందుకు నచ్చిందో ఇంకా ఎక్కువ అనుమానించు. అప్పుడు కూడా తేల్చెయ్యకు, నువ్వు వెళ్ళాలనుకున్న చోటికి వెళ్ళి నీ కళ్ళతో చూసి తేల్చుకో.